రాజులు సాకు

ఒక పుస్తకం నచ్చిందని ఇంకొకరికి చెప్పడాన్ని మా ముగ్గురిలో "పోగు పెట్టడం" అంటాం. ఈ మాట ధర్మవరం ఆవిడ వల్ల వచ్చింది. వాళ్ళింట్లో పట్టు మగ్గాలున్నాయి. ఆమె కండెలు చుడుతూ, పక్కన పుస్తకం తెరిచి పెట్టుకుని చదువుతుంది. తెగిన పట్టు పోగు ఒకటి తీసి పుస్తకంలో పెట్టి మాకు ఇస్తుంది. మొదటి పేజీలో కాదు, ఆ పుస్తకం తనను పట్టుకున్న చోట. "ఈడి నుంచి ఇంక కింద పెట్టబుద్ధి కాలేదన్నా" అంటుంది. తీసుకున్నవాళ్ళు చదివి, పోగును తమకు నచ్చిన పేజీకి మార్చి తిరిగి ఇవ్వాలి. నెలకొక ఆదివారం కలుస్తాం. ఒకసారి హిందూపురం, ఒకసారి ధర్మవరం, ఒకసారి పెనుకొండ. పోగు ఎక్కడి నుంచి ఎక్కడికి జరిగిందో చూస్తే చాలు, మధ్యాహ్నం దాకా మాటలకు కొదవ ఉండదు.

హిందూపురం మనిషిది గాజుల కొట్టు. సాయబుల ఇల్లు. ఇంట్లో తెలుగే, బజారులో సగం కన్నడం. అతను ఇప్పటి నవలలే చదువుతాడు. బస్సులు, ఆసుపత్రులు, అత్తాకోడళ్ళు, అద్దె ఇళ్ళు ఉన్నవి. ధర్మవరం ఆవిడ ఏదైనా చదువుతుంది. నేను పెనుకొండవాణ్ణి. నావి రాజుల నవలలు.

మా పరిచయం కూడా అలాంటి ఒక నవల దగ్గరే జరిగింది. హిందూపురంలో ఒక బడి ఆవరణలో పుస్తకాలు అమ్మకానికి పెట్టారు. రాజధాని పెనుకొండకు మారిన రోజుల్లో కోటలో ధాన్యపు కొట్లకు కాపలా ఉన్న ఒక మనిషి కథ. ఒక్కటే కాపీ ఉంది. నేను దాన్ని చేతిలోకి తీసుకున్నాను. పక్కన ఒకావిడ, "అది నేను పక్కన పెట్టమంటిని" అంది. ఆమె వెనకనుంచి ఒకాయన, "నేను పొద్దున్నే సూసిపోయినా. దుడ్లు తెచ్చేకి ఇంటికి పోయింటి" అన్నాడు. నేను వదల్లేదు. మా ఇంట్లో చేతిలోకి తీసుకున్నది కింద పెట్టే అలవాటు లేదు. గాజులాయన నన్ను పైనుంచి కిందికి చూసి, "సరే దొరా, నువ్వే సదువు. సదివినాక మాకీ. యాడికి రావాల?" అన్నాడు. ఆ రోజు నుంచి అతను నన్ను దొరా అనే పిలుస్తాడు. అది వెక్కిరింపే. అయినా బతికున్నవాళ్ళలో నన్ను అలా పిలిచేది అతనొక్కడే కాబట్టి వద్దనలేదు.

మా ముత్తాతకు గుడిబండ వైపు ఊళ్ళుండేవి. ఆయన ఎదురైతే జనం చెప్పులు విప్పి పక్కకు నిలబడేవారట. అది గొప్పగా చెప్పుకోవాల్సిన సంగతి కాదని నాకు తెలుసు. కానీ మా ఇంట్లో దాన్ని గొప్పగానే చెప్పేవారు, నేను అలాగే విన్నాను. ఊళ్ళు ఎప్పుడో పోయాయి. మా తాత కట్టించిన అరుగు మీద ఇప్పుడు కోడిమాంసం అమ్ముతారు. ఆ దారిలో వెళ్ళేటప్పుడు నేను తల వంచను, తిప్పను కూడా. నేను గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. వారసత్వంగా నాకు వచ్చింది నిటారుగా కూర్చోవడం ఒక్కటే. మా నాయన మమ్మల్ని గోడకు ఆనుకోనిచ్చేవాడు కాదు. ఇప్పటికీ బస్సులో సీటుకు వీపు ఆనిస్తే ఎవరో అరిచినట్టుంటుంది. చాలా అలసట అది. ఎవరికీ చెప్పుకునేది కాదు.

మా ముగ్గురికీ ఒక రూలుంది. అది నేను పెట్టిందే. ఒకసారి గాజులాయన ఒక నవలను ఆకాశానికెత్తేశాడు. ఆవిడ పుస్తకం ఏదని అడిగితే, "పుస్తకం ల్యాదమ్మా. ఫోన్లో సదివి వినిపిస్తారు. గాజులు సర్దుకుంటా అంతా ఇన్యా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. విన్నది చదివినట్టు కాదని, కళ్ళతో చదవని పుస్తకానికి ఎవరూ పోగు పెట్టకూడదని గట్టిగా చెప్పాను. వాళ్ళు ఎదురు చెప్పలేదు. "పెద్దాయన చెప్పినాడు కదా" అని ఆవిడ ఒప్పుకుంది. "దొర చెప్పినాక అప్పీలు యాడుండాది" అని అతనూ ఒప్పుకున్నాడు.

ఆ తరువాత నా కళ్ళు పాడయ్యాయి.

ముందు అద్దాలు మార్చాలనుకున్నాను. పుట్టపర్తిలో పెద్దాసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. నడిమి చూపు పోతూ ఉంటుంది, అంచు చూపు మిగులుతుంది. నడవడానికి అంత ఇబ్బంది ఉండదు, చదవడమే కష్టం. ఆమె చెప్పినట్టే జరిగింది. మనుషుల భుజాలు కనిపిస్తాయి, ముఖం కనిపించదు. ధర్మవరంలో చీర విప్పి చూపిస్తే అంచు కనిపిస్తుంది, నడుమంతా మసక. పుస్తకం తెరిస్తే పేజీ చుట్టూ ఉన్న తెల్ల కాగితం కనిపిస్తుంది. మధ్యలో ఉండాల్సిన కథ కనిపించదు.

దేన్నయినా చూడాలంటే తల ఒక పక్కకు తిప్పి కొనకంటితో చూడాలి. ఇది నాకు ఒక రకంగా మేలే చేసింది. "ఏమప్పా, అట్ల వారగా సూస్తాండావు? మేము ఆనమా నీ కంటికి?" అన్నాడు గాజులాయన ఒకసారి. ఆనడం లేదనే మాట నిజమే కానీ అతను అనుకున్న కారణం వేరు. నేను జవాబు చెప్పలేదు. కళ్ళు పోతున్నవాడని జాలిపడటం కన్నా పొగరుబోతని అనుకోవడం నయం. మా వంశంలో పొగరును ఎలా మొయ్యాలో అందరికీ తెలుసు. జాలిని ఎలా మొయ్యాలో ఎవరూ నేర్పలేదు.

ఇక నవలల సంగతి. నేను పోగు పెట్టాల్సిన నెలలకు ఇబ్బంది లేదు. కళ్ళు బాగున్న రోజుల్లో చదివిన చారిత్రక నవలలు నా దగ్గర అలమరా నిండా ఉన్నాయి. ఏ ఘట్టం పుస్తకంలో ఎంత లోతున వస్తుందో చేతికి తెలుసు. పోగు పెట్టి ఇచ్చేవాణ్ణి. ఒక నెల కాపలావాడి కథ, ఇంకో నెల దండు వెంట నడిచిన వంటవాడి కథ, మరో నెల కోట వదిలి అడవి పట్టిన రాణి కథ. వాళ్ళు చదివేవారు. వాళ్ళిచ్చిన నవలలను మాత్రం నేను ఇంట్లో నెలరోజులు పెట్టుకుని, పోగును ఏదో ఒక పేజీకి మార్చి తిరిగి ఇచ్చేవాణ్ణి. ఎలా ఉందని అడిగితే, "ఏముంది? రాజు లేడు, రాజ్యం లేదు. ఇంట్లో జగడాలు అచ్చు వేసుకున్నారు" అనేవాణ్ణి. గాజులాయన ముఖం నాకు కనిపించేది కాదు. కాసేపు మాట్లాడడని మాత్రం తెలిసేది.

వినే దారి ఉంది. ఫోను చదివి వినిపిస్తుంది. మెసేజీలను వినేటట్టు ఒక కొట్టులో చేయించుకున్నాను కూడా, అద్దాలు తరచూ మర్చిపోతుంటానని చెప్పి. నవలలు కూడా అలా వినొచ్చు. కానీ ఆ దారికి అడ్డంగా నా రూలే పడుకుని ఉంది.

హిందూపురంలో కలిసిన ఒక ఆదివారం నా గుట్టు బయటపడేదే. నేను తిరిగిచ్చిన నవలను ఆవిడ తెరిచింది. గార్మెంట్స్ కంపెనీలో పనిచేసే ఒకామె కథ అది. గాజులాయన నాకోసం ఏరి మరీ పెట్టిన పోగు. పేజీ అటూ ఇటూ తిప్పింది. తర్వాత, "అన్నా, పోగు ఈడ పెట్టినావేమి? ఇది కడా పేజీ. అచ్చేసినోళ్ళ వేరే పుస్తకాల పేర్లు, వాటి రేట్లు ఉండాయి" అంది.

దొరికిపోయాననుకున్నాను. కానీ నోరు ఆగలేదు. "ఆ పుస్తకంలో బాగున్న పేజీ అదొక్కటే తల్లీ" అన్నాను.

ఇద్దరూ పగలబడి నవ్వారు. కొట్టుకు గాజులకొచ్చిన ఆడవాళ్ళకు కూడా అతను ఆ మాట చెప్పి నవ్వించాడు. "మా దొర మాటంటే మాటే" అన్నాడు. ఆ రోజు తిరుగు రైల్లో నాకు నవ్వు రాలేదు. ఇలా ఎంతకాలం అనుకున్నాను. చదవనిదాన్ని చదివినట్టు కూర్చోవడం చదవడం కన్నా పెద్ద పని. అయినా ఆ ఆదివారాలు లేకపోతే నాకు మిగిలేది ఏమిటని కూడా అనుకున్నాను. నెలలో మిగతా రోజులన్నీ ఆ ఒక్కరోజు కోసమే గడిచేవి. నన్ను సాటి మనిషిగా ఎదురు కూర్చోబెట్టుకుని, నా మాట కోసం ఆగే చోటు ఇంకెక్కడా లేదు.

మళ్ళీ ధర్మవరంలో కలవాల్సిన వారం వచ్చింది. ఫోను మోగింది. గాజులాయన మెసేజీ. ఫోను చదివింది.

"రాజులు సాకు దొరా. ధర్మవరంలో తేల్చుకుందాం."

యంత్రపు గొంతుకు యాస ఉండదు. కోపం, నవ్వు ఏదీ ఉండదు. మళ్ళీ చదివించాను. రాజులు సాకు. అంటే తెలిసిపోయింది. ఆ రేట్ల పేజీ దగ్గర నవ్వినవాళ్ళు ఇంటికి పోయి ఆలోచించి ఉంటారు. రాజుల నవలలు తప్ప నాకేవీ పట్టవని చెప్పడం ఒట్టి సాకని, లోపల ఇంకేదో ఉందని కనిపెట్టారు. తేల్చుకుందామంటున్నారు. నేను జవాబు పంపలేదు. సాకులు చెప్పేవాడనే మాట ఇంతవరకూ మా ఇంటి మీద పడలేదు. అప్పులవాళ్ళు వచ్చినప్పుడు కూడా మా నాయన లేదనే చెప్పాడు కానీ సాకు చెప్పలేదు.

ఆదివారం తెల్లపంచె కట్టుకుని, ప్యాసింజరు ఎక్కి ధర్మవరంలో దిగాను. వాళ్ళిల్లు నాకు అలవాటే. మగ్గాలు ఆడుతున్న చప్పుడు వీధి మలుపు నుంచే వినిపిస్తుంది. నేను వెళ్ళేసరికి అతను ముందే వచ్చి కూర్చున్నాడు. ఆవిడ "రాన్నా, కూసో" అని కుర్చీ జరిపింది. నేను కూర్చోలేదు.

"మీరు తేల్చకముందే నేను చెప్తాను," అన్నాను. "అవును, రాజులు సాకే. నా కళ్ళ నడిమి చూపు పోయింది. అక్షరం కనిపించి చాలా కాలమైంది. మీరిచ్చిన నవలలు ఏవీ నేను చదవలేదు. కళ్ళతో చదవనివాడు పోగు పెట్టకూడదని రూలు పెట్టింది నేను. ఈ రోజుతో తప్పుకుంటున్నాను. పోయిన నెల మీరిచ్చిన పుస్తకం ఇదిగో."

లోపల మగ్గం ఆడుతూనే ఉంది.

"ఏమంటాండావప్పా నువ్వు?" అన్నాడు గాజులాయన.

"నువ్వు పంపిన దానికే జవాబు చెప్తున్నాను. రాజులు సాకు అన్నావు కదా."

"అయ్యో నీ ఇల్లు బంగారం గాను! సాకంటే సాకప్పా! సాలు! రాజులు ఇంక సాలు అన్యా. వరసగా శానా అయిపోయినాయి, ఈ తూరి ముగ్గురమూ కలిసి ఇప్పటి నవల ఒకటి సదువుదామని చెప్పేకి పెట్టినా. ఇన్నేండ్లు హిందూపురానికి వస్తాండావు, సాకు తెలీదా నీకు?"

తెలియకేం. మా అవ్వది మడకశిర వైపు. అన్నం వడ్డిస్తుంటే "సాకు, సాకు" అని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేది. ఆ కన్నడపు మాట నేను తెలుగు అక్షరాలు నేర్చుకోకముందే విన్నాను. హిందూపురంలో దిగితే టీ కొట్టు దగ్గర నుంచి అన్నిచోట్లా అదే. కానీ ఆ వారం నా చెవికి చాలు అనే అర్థం తట్టలేదు. దాచుకున్నది తెలుగులో దాచుకున్నాను కాబట్టి తెలుగే వినిపించినట్టుంది.

నేను అలాగే నిలబడి ఉన్నాను. కూర్చుంటే బాగుండేది. కాళ్ళు లాగుతున్నాయి.

"అయితే అన్నా," అంది ఆవిడ మెల్లగా, "ఆ రేట్ల పేజీలో పోగు..."

"కనిపించక పెట్టాను తల్లీ."

ఆమె నవ్వు ఆపుకోవాలని చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నట్టు చీర అంచు కదలడం కనిపించింది. చివరికి నవ్వేసింది. "తప్పన్నా, తప్పు, నవ్వకూడదు" అంటూనే నవ్వింది. గాజులాయన నవ్వలేదు.

"నవ్వద్దమ్మా నువ్వు. ఆ మాట నేను హిందూపురమంతా చెప్పినా. మా దొర ఎట్లంటి మాట అన్యాడో సూడండని చెప్పినా." నా వైపు తిరిగాడు. "దొరా, ఒకటి అడుగుతా. నేనిచ్చినవన్నీ బాగల్యావంటివే, సదవకనే అంటివా?"

"చదవకనే."

"ఒక్కటీ సదవల్యా?"

"లేదు."

అతను గట్టిగా ఊపిరి వదిలాడు. "అయితే సరే పో. సదివి తిడతాండావని అనుకుంటి. నాకు పుస్తకాలు ఏరుకునేదే రాదేమో, నా రుచే అంతేమో అని ఎంత కుమిలినానో నీకేం తెలుసు. కొట్లో కూసోని నాకు నచ్చిన పేజీ మళ్ళా మళ్ళా సదువుకుంటి, ఈడ ఏం తక్కువుండాదని. సదవకనే తిట్టినావంటే నాకేం బాధ ల్యా."

జాలి నుంచి తప్పించుకోవడానికి ఇన్నాళ్ళూ నేను పడిన పాటు అతని మీద పడిందని నాకు తోచనే లేదు. ఆవిడ నా చేతిలో కాఫీ గ్లాసు పెట్టింది. అంచు చూపుకు గ్లాసు బాగానే కనిపిస్తుంది. అయినా ఆమె నా వేళ్ళు దాని చుట్టూ బిగిసేదాకా వదల్లేదు. జాలి అప్పుడే మొదలైందని అర్థమైంది. కూర్చున్నాను.

"తప్పుకోవడం సంగతి?" అన్నాను. "రూలు రూలే."

"అది నువ్వు పెట్టిన రూలన్నా. మేము తీయం" అంది ఆవిడ. "పెట్టినోళ్ళే తీయాల. తీస్తే ఉండు, ల్యాకుంటే పో. మేము బతిమాలితే నీకు పడదు కదా."

ఆమె చెప్పింది నిజం. బతిమాలితే వెళ్ళిపోయేవాణ్ణి. రూలు తీసేస్తున్నానని మాత్రం అనలేకపోయాను. నోటిదాకా వచ్చింది, అక్కడే ఆగింది. ఇడ్లీలు పెట్టింది, తిన్నాం. ఆ తర్వాత వాళ్ళిద్దరే మాట్లాడుకున్నారు, ఆ గార్మెంట్స్ నవల గురించే. ఆవిడ పోగును తీసుకెళ్ళి ఎక్కడో పెట్టింది. అతను అక్కడ కాదన్నాడు. నేను గోడకు ఆనుకోకుండా వింటూ కూర్చున్నాను.

తిరుగు ప్రయాణం నాకూ అతనికీ ఒకే రైల్లో. పెనుకొండ ముందు వస్తుంది, అతను ఇంకా ముందుకు హిందూపురం పోవాలి. కిటికీ దగ్గర ఎదురెదురుగా కూర్చున్నాం. కొత్తచెరువు వైపు వచ్చాక అతను సంచిలోంచి పుస్తకం తీసిన చప్పుడైంది.

"నేను గట్టిగా సదువుకుంటా దొరా. నాకోసమే. నీకు ఇబ్బందయితే అట్ల తిరుక్కో."

నేను కిటికీ వైపు తిరిగాను. అతను మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. పోగు పెట్టిన చోటు నుంచి కాదు. పుస్తకాన్ని మొదటి నుంచే చదవాలని నేను ఎప్పుడూ వాదించేవాణ్ణి. అది అతనికి గుర్తుందో లేదో అడగలేదు. తెల్లవారకముందే కంపెనీ బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చిన ఒకామె. టిఫిన్ డబ్బా మూత సరిగా పడలేదు, పులుసు కారుతోంది. వెనక్కి పోయి మార్చుకుంటే బస్సు పోతుంది. పోకపోతే చీర పాడవుతుంది. ఆమె నిలబడి ఆలోచిస్తోంది. కథలో వాళ్ళు మాట్లాడేది కోస్తా తెలుగు. అతని నోట్లో అందరూ హిందూపురం వాళ్ళయిపోయారు. కొన్నిచోట్ల తడుముకున్నాడు, కొన్నిచోట్ల తనే నవ్వుకున్నాడు. పక్క సీట్లో పుట్టపర్తి ఆసుపత్రి నుంచి వస్తున్న ఒకామె, "ఆమె బస్సు అందుకుంటుందా అన్నా?" అని అడిగింది. "ఉండమ్మా, సదవనీ" అన్నాడు.

నేను రాజుల గుర్రాల కోసం, కోట తలుపుల కోసం ఎదురుచూడటం మానేసి కాసేపయిందని నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ పులుసు డబ్బా గురించే ఆలోచిస్తున్నాను. వీపు సీటుకు ఆనుకుని ఉంది. ఎప్పుడు ఆనిందో తెలియదు.

పెనుకొండ వచ్చింది. నా టికెట్ అక్కడికే. టికెట్ లేకుండా ముందుకు పోయే అలవాటు మా వాళ్ళకు లేదు. లేచి, జాగ్రత్తగా దిగాను. కిటికీ ఊచల అవతల నుంచి అతని గొంతు ఆగలేదు. రైలు నిలబడినంతసేపూ చదువుతూనే ఉన్నాడు, ఇంకా పెద్దగా. ప్లాట్‌ఫారం మీద వేరుశనక్కాయలు అమ్మేవాడు కూడా తిరిగి చూసినట్టున్నాడు. నేను కిటికీ కింద నిలబడి విన్నాను. అతని వైపు కాదు, కొండ వైపు చూస్తున్నట్టు. కొండ అంచు మాత్రమే కనిపిస్తోంది.

రైలు కదిలింది.

"సాకా దొరా?" అని అరిచాడు.

"సాలదు" అన్నాను.

చాలదనే ఆ మాట మా ఊరి తెలుగుకూ వాళ్ళ కన్నడానికీ ఒకటే. విన్నాడో లేదో తెలియదు, చక్రాల చప్పుడు ఎక్కువగా ఉంది. స్టేషన్ బయట ఆటో ఎక్కాను. వచ్చే నెల పెనుకొండలో కలవాలి, పోగు పెట్టే వంతు నాది. అలమరాలో రాజులు ఇంకా చాలామందే ఉన్నారు. ఆటోలో కూర్చుని ఫోను తీసి అతనికి ఒక మాట పంపాను, నోటితో చెప్పి. ఆమెకు బస్సు అందిందో లేదో చెప్పొద్దు, మిగతాది వచ్చినప్పుడు చదువు అని. రూలు తీసేసిన సంగతి ఆవిడకు కూడా చెప్పాలి. అది కొంచెం కష్టం. ఫోనులో కాదు, ఎదురుగా కూర్చునే చెప్పాలి.